పీఎఫ్ ఆఫీసు ఎవరికి దగ్గర?



గత పదేళ్లలో మన దగ్గర సర్కారు ఆఫీసుల పటం చాలా మారింది. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, తెలంగాణలో పది జిల్లాలు ముప్ఫై ఒకటయ్యాయి. నిజామాబాద్ నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. ఆ తర్వాత నిజాంసాగర్ మండలం నుంచి వేరుపడి మహమ్మద్ నగర్ కూడా మండలమైంది. అంతకుముందు ఊరు దాటి చేయించుకోవాల్సిన పనులు కొన్ని ఇప్పుడు ఊళ్లోనే అవుతున్నాయి. ఆదాయ ధ్రువపత్రమో, భూమి కాగితమో కావాలంటే దూరం తగ్గింది.

అయితే ఈ మార్పులతో కదలని ఆఫీసు ఒకటి ఉంది. అదే పీఎఫ్ ఆఫీసు, అంటే ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ. అది రాష్ట్ర ప్రభుత్వానిది కాదు, కేంద్ర కార్మిక శాఖ కింద పనిచేసేది. జిల్లాలు విడిపోయినా, మండలాలు పెరిగినా దాని హద్దులు దానివే. మన ప్రాంతానికి దాని ప్రాంతీయ కార్యాలయం నిజామాబాద్‌లో ఉంది. మహమ్మద్ నగర్‌లో బీడీలు చేసే అక్కకు పీఎఫ్ లెక్కలో ఏదైనా తేడా వస్తే జిల్లా కేంద్రం కామారెడ్డికి కాదు, బాన్సువాడ మీదుగా నిజామాబాద్ బస్సెక్కాలి. పోయేది ఒక దిక్కు, కలెక్టరేటు ఇంకో దిక్కు.

కార్మికుల జీతం నుంచి, యజమానుల దగ్గర నుంచి వాటాలు వసూలు చేసే ఇలాంటి సంస్థ తన స్థానిక ఆఫీసులను ఎలా సర్దుకోవాలి అన్నదే ఈనాటి ప్రసంగం. ఇది అధికారులు తమలో తాము తేల్చుకొనే సంగతి అనిపించవచ్చు. కానీ బీడీ ఆకు కత్తిరించే ప్రతి ఇంటికీ దీనితో లెక్క ఉంది.

ముందు ఈ వాటా సంగతి ఎక్కడ మొదలైందో చూద్దాం. పీఎఫ్ ఆర్డినెన్సు 1951 నవంబరు 15న వచ్చింది. మరుసటి ఏడాది చట్టమైంది. మొదట్లో అది పెద్ద ఫ్యాక్టరీల వాళ్లకు. గేటు, హాజరు పట్టిక, నెల జీతం ఉన్నవాళ్లకు. బీడీ పరిశ్రమను దాని కిందికి తెచ్చింది 1977లో. తెచ్చారు గాని, ఇంట్లో కూర్చుని బీడీలు చేసే ఆడవాళ్లు కంపెనీకి కార్మికులే కారని యజమానులు వాదించారు. ఆకు, తంబాకు తీసుకుపోతారు, ఇంటి దగ్గర చేస్తారు, ఎప్పుడు చేస్తారో మాకు తెలియదు, వాళ్ల మీద మా అజమాయిషీ ఎక్కడిది అన్నది వాళ్ల మాట.

ఆ వాదన ఎక్కడ వీగిపోయిందో తెలియాలంటే బీడీ కార్ఖానాలో ఒక్క పూట నిలబడితే చాలు. చేసిన బీడీలు కట్టలుగా కట్టి, చాటలో పెట్టుకొని ఆడవాళ్లు వరుసలో ఉంటారు. లోపల కూర్చున్న మనిషి కట్ట విప్పి, బీడీని వేళ్ల మధ్య తిప్పి చూస్తాడు. మూతి సరిగా మలవలేదని, తంబాకు తక్కువైందని, ఆకు చిరిగిందని కొన్నింటిని పక్కకు తీసేస్తాడు. పక్కకు తీసినవాటికి కూలి ఉండదు. వెయ్యి చేసినా చేతికి వచ్చే కూలి అంతకన్నా తక్కువకే.

1985 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో, సరిగ్గా ఈ పక్కకు తీసే హక్కునే పట్టుకుంది. సరుకు బాగుందో లేదో చూసి తిరస్కరించే అధికారం కంపెనీకి ఉన్నప్పుడు, పని మీద అజమాయిషీ ఉన్నట్టే. పని ఇంట్లో జరిగినా, మధ్యలో టేకేదారు ఉన్నా, ఆమె కార్మికురాలే, పీఎఫ్‌కు అర్హురాలే అని చెప్పింది. మన జిల్లాలో వేల ఇళ్లలో పీఎఫ్ నంబరు ఉండటానికి ఆ తీర్పు పెద్ద ఆధారం.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మామూలు సంస్థల్లో కార్మికుడి వాటా జీతంలో 12 శాతం. బీడీ, ఇటుక, జనపనార వంటి కొన్ని పరిశ్రమల్లో మాత్రం 10 శాతం. ఉదాహరణకు ఒకామెకు నెలకు 3,000 రూపాయల కూలి పడిందనుకోండి. ఆమె కూలి నుంచి 300 కోస్తారు. కంపెనీ ఇంకో 300 కలపాలి. కంపెనీ కలిపే 300లో దాదాపు 250 రూపాయలు పింఛను నిధికి పోతుంది. మిగిలిన 50 ఆమె పీఎఫ్ ఖాతాలో పడుతుంది. అంటే నెలకు 350 పీఎఫ్‌లో, 250 పింఛనులో. దీనికి తోడు కేంద్ర ప్రభుత్వం కూలిలో 1.16 శాతం, అంటే సుమారు 35 రూపాయలు, పింఛను నిధికి జమ చేస్తుంది.

ఆ పింఛను పథకం 1995 నవంబరు 16 నుంచి నడుస్తున్నది. 58 ఏళ్లు నిండాక పింఛను రావాలంటే కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. లెక్క సులువే. సగటు జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి, 70తో భాగించాలి. మనం చెప్పుకున్నామె 18 ఏళ్లు చేసిందనుకుంటే 3,000ను 18తో హెచ్చించి 70తో భాగిస్తే 771 రూపాయలు. 2014 సెప్టెంబరు నుంచి కనీస పింఛను 1,000 రూపాయలని నిర్ణయించారు కాబట్టి అది 1,000 అవుతుంది. పెద్ద మొత్తం కాదు. కానీ నెల నెలా వచ్చేది, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా వచ్చేది.

ఇంకో సంగతి కూడా ఉంది. తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు జీవన భృతి మొదలుపెట్టింది. మొదట నెలకు 1,000, 2019లో 2,016 రూపాయలు చేశారు. ఆ భృతికి అర్హత ఏమిటంటే, 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్‌లో పేరు ఉండాలని పెట్టారు. బీడీలు చేసే చేతులు చూసి కాదు, పీఎఫ్ నంబరు చూసి ఇచ్చారు. పక్కపక్కన కూర్చుని ఒకే చాట మీద బీడీలు చేసిన ఇద్దరిలో నంబరున్న ఆమెకు భృతి వచ్చింది, లేని ఆమెకు రాలేదు. కేంద్రం రాసుకున్న రికార్డు రాష్ట్రం ఇచ్చే భృతికి కూడా తాళంచెవి అయింది. ఆ రికార్డులో తప్పుంటే నష్టం ఒక్క చోట ఆగదన్న మాట.

ఇప్పుడు ఆఫీసుల కథ. ఒకప్పుడు ఈ ప్రాంతాల్లో పీఎఫ్ అంటే హైదరాబాద్, బర్కత్‌పురా. తర్వాత నిజామాబాద్‌లో ఉప ప్రాంతీయ కార్యాలయం వచ్చింది. 2017లో దేశమంతటా సంస్థను తిరిగి సర్దారు. ఉప ప్రాంతీయ కార్యాలయాలన్నీ ప్రాంతీయ కార్యాలయాలయ్యాయి. వాటి పైన జోనల్ కార్యాలయాలు ఉన్నాయి. దేశంలో ఇప్పుడు 130కి పైగా ప్రాంతీయ కార్యాలయాలున్నాయి. బోర్డు మారింది, పైఅధికారి హోదా మారింది. కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషికి మాత్రం అదే కిటికీ, అదే వరుస.

అసలు మార్పు కంప్యూటర్లతో వచ్చింది. 2012 నుంచి యజమానులు నెల నెలా వాటాలను, కార్మికుల జాబితాను ఆన్‌లైన్‌లోనే పంపాల్సి వస్తున్నది. ప్రతి నెల వాటా మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. 2014లో ఒక్కో కార్మికుడికి ఒకే శాశ్వత నంబరు ఇచ్చారు, యూఏఎన్ అంటాం. 2020 జూన్‌లో ఒక ఆఫీసులోని దరఖాస్తును దేశంలో వేరే ఆఫీసు కూడా పరిష్కరించే పద్ధతి తెచ్చారు. కరోనా కాలంలో కొన్ని ఆఫీసుల్లో పని పేరుకుపోతే, తీరిక ఉన్న ఆఫీసులు ఆ భారం పంచుకున్నాయి. 2025 జనవరి నుంచి పింఛన్ల చెల్లింపు కూడా దేశమంతటికీ ఒకే కేంద్రీకృత వ్యవస్థలోకి వచ్చింది. 68 లక్షలకు పైగా ఉన్న పింఛనుదారులు ఇప్పుడు ఏ బ్యాంకులోనైనా, ఏ శాఖలోనైనా డబ్బు తీసుకోవచ్చు. ఇల్లు మారితే పింఛను కాగితాలను ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు పంపించే తిప్పలు పోయాయి. కొడుకు దగ్గరికి భివండీ పోయిన తల్లికి ఇది చిన్న మేలు కాదు.

ఇలా సర్దుకోవడం మన దేశానికే ప్రత్యేకం కాదు. ఫ్రాన్స్‌లో సామాజిక భద్రత వాటాలు వసూలు చేసే సంస్థ పేరు ఉర్సాఫ్. అక్కడ జిల్లా స్థాయిలో ఉన్న ఉర్సాఫ్ సంస్థలను కలుపుతూ పోయి, 2014 జనవరి నాటికి 22 ప్రాంతీయ సంస్థలుగా కుదించారు. ప్రభుత్వాలు ఎక్కడైనా చెప్పే కారణాలు ఒక్కటే: ఖర్చు తగ్గుతుంది, ఒకే తీరు నిబంధనలు అమలవుతాయి, పెద్ద ఆఫీసులో నిపుణులు దొరుకుతారు. అందులో నిజముంది. వాటా కట్టేవాడు కంపెనీ అయితే, కట్టడం ఆన్‌లైన్‌లో అయితే, ఆఫీసు యాభై కిలోమీటర్ల దూరాన ఉన్నా, అయిదు వందల కిలోమీటర్ల దూరాన ఉన్నా కంపెనీకి ఒకటే.

మరి ఆ వాటా ఎవరి పేరు మీద పడుతున్నదో ఆ మనిషికి కూడా ఒకటేనా? ఇక్కడే మన ప్రాంతం సంగతి వేరు.

పైసలు తీగ మీద పోతాయి. తప్పులు మాత్రం మనిషిని వెంటబెట్టుకొని తిప్పుతాయి. ముప్ఫై ఏళ్ల కింద కార్ఖానాలో పేరు రాసుకున్న గుమాస్తా, అమ్మాయి పుట్టింటి ఇంటిపేరుతో రాసుకున్నాడు. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తగారి ఇంటిపేరు వచ్చింది. ఒక దగ్గర లక్ష్మి, ఇంకో దగ్గర లక్ష్మీబాయి, మరో దగ్గర లచ్చవ్వ. వయసు అడిగితే గుమాస్తా అందాజగా ఏదో ఒక ఏడు వేశాడు. ఆధార్‌లో జనవరి 1 పడింది. కార్ఖానా మారినప్పుడు కొత్త నంబరు ఇచ్చారు, పాతది అలాగే ఉండిపోయింది.

ఇలా రెండు నంబర్లు ఉండటంలో ఎంత ప్రమాదముందో చూడండి. ఒకామె ఒక కంపెనీకి ఆరేళ్లు, ఇంకో కంపెనీకి అయిదేళ్లు చేసింది. కలిపితే 11 ఏళ్లు, పింఛనుకు అర్హురాలు. ఆ రెండు ఖాతాలు కలవకపోతే ఎక్కడా 10 ఏళ్లు నిండలేదు, పింఛను లేదు. ఏళ్ల తరబడి ఆమె కూలి నుంచి కోసిందీ నిజమే, కంపెనీ కట్టిందీ నిజమే, సంస్థ వసూలు చేసిందీ నిజమే. ఎవరూ అన్యాయం చేయలేదు. అయినా ఆమెకు అన్యాయం జరిగింది.

పుట్టిన తేదీ సరిచేయించుకోవడం ఇంకో అంచె. 2024 జనవరిలో ఆధార్‌ను పుట్టిన తేదీకి రుజువుగా అంగీకరించే పత్రాల జాబితా నుంచి పీఎఫ్ సంస్థ తీసేసింది. జనన ధ్రువపత్రమో, బడి సర్టిఫికెట్టో చూపమంటుంది. బడి మెట్టు ఎక్కని మనిషి బడి కాగితం ఎక్కడి నుంచి తెస్తుంది? అలాంటివాళ్లు సివిల్ సర్జన్ పరీక్ష చేసి ఇచ్చిన వయసు పత్రం, దానికి తోడు ప్రమాణపత్రం ఇవ్వాలి. సర్జన్ దగ్గరికి ఒక రోజు, ప్రమాణపత్రానికి ఒక రోజు, పీఎఫ్ ఆఫీసుకు ఒక రోజు. బీడీ చేసే మనిషికి ఒక రోజు పోయిందంటే ఆ రోజు కూలి పోయిందని అర్థం.

ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు కదా అంటారు. చేసుకోవచ్చు, ఓటీపీ వస్తే. మన పక్క చాలా ఇళ్లలో ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరు కొడుకుదో, అల్లుడిదో. అతను గల్ఫ్‌లో పనిలో ఉంటాడు. ఓటీపీ ఆ ఫోనుకు పోతుంది, ఇక్కడ మీసేవ దగ్గర కూర్చున్నామెకు గడువు దాటిపోతుంది. వేలిముద్ర వేద్దామంటే, ఏళ్ల తరబడి ఆకు కత్తిరించి, దారం చుట్టిన వేళ్ల మీద గీతలు అరిగిపోయి యంత్రం పట్టదు. పింఛనుదారులు బతికే ఉన్నట్టు చూపే జీవన ప్రమాణ్ పత్రానికి 2022లో ముఖం చూసి గుర్తించే పద్ధతి తెచ్చారంటే, ఈ వేలిముద్రల బాధ ఎంత ఉందో సంస్థకూ తెలిసినట్టే కదా.

అంటే ఆఫీసు పనే మారిపోయింది. ఒకప్పుడు స్థానిక ఆఫీసు ఉన్నది వసూలు కోసం. ఇన్‌స్పెక్టర్ కార్ఖానాకు వచ్చి పుస్తకాలు చూడాలి, చలానా తీసుకోవాలి. ఇప్పుడు వసూలులో చాలా భాగం కంప్యూటర్ చేస్తుంది. స్థానిక ఆఫీసుకు మిగిలిన అసలు పని సరిదిద్దడం. పేరు సరిదిద్దడం, తేదీ సరిదిద్దడం, రెండు ఖాతాలు కలపడం, చనిపోయినవాళ్ల వారసులెవరో తేల్చడం. ఈ పని కాగితం చూసి, ఎదుట ఉన్న మనిషిని చూసి, ఊళ్లో నలుగురిని అడిగి చేయాల్సింది. కాబట్టి వసూలు ఎంత కేంద్రీకరించినా మంచిదే గాని, సరిదిద్దే అధికారం మాత్రం కార్మికురాలి దగ్గరికి రావాలి. ఆఫీసుల పునర్వ్యవస్థీకరణకు ఇదే కొలత కావాలని నా మనవి.

ఈ దిశలో ఒక మంచి అడుగు ఇప్పటికే పడింది. 2023 జనవరి నుంచి, నిధి ఆప్కే నికట్ అనే పేరుతో, ప్రతి నెల 27వ తేదీన దేశంలోని ప్రతి జిల్లాలో పీఎఫ్ శిబిరం పెట్టాలని నిర్ణయించారు. ఆ రోజు సెలవైతే మరుసటి పనిదినం. ఆఫీసు లేని జిల్లాకు ఆఫీసే నెలకోసారి నడిచి వస్తుందన్న మాట. దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకుపోవచ్చు.

మొదటిది, జిల్లాకు ఒక్క శిబిరం అన్నప్పుడు అది తిరుగుతూ ఉండాలి. ఒక నెల కామారెడ్డి, ఒక నెల బాన్సువాడ, ఒక నెల ఎల్లారెడ్డి. బాన్సువాడలో పెడితే మహమ్మద్ నగర్, నిజాంసాగర్, పిట్లం వైపు వాళ్లు పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరుకుంటారు. ఏ నెల ఎక్కడో నెల ముందే కార్ఖానా గోడ మీద, గ్రామ పంచాయతీ దగ్గర కాగితం అంటించాలి.

రెండవది, శిబిరానికి వచ్చే అధికారికి అక్కడికక్కడే సరిదిద్దే అధికారం ఉండాలి. దరఖాస్తు తీసుకొని నిజామాబాద్‌కు మోసుకుపోయేటట్టయితే, అది ఇంకో తపాలా డబ్బా అవుతుంది, అంతే. అదే రోజు ఆ టేబుల్ పక్కనే వయసు పత్రం ఇచ్చే డాక్టర్, ఆధార్ కేంద్రం, కంపెనీ ప్రతినిధి ఉంటే, మూడు రోజుల పని ఒక్క పూటలో అవుతుంది. రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర సంస్థ కలిసి కూర్చుంటే అయ్యే పనే ఇది. భృతి ఇచ్చేది కూడా ఆ రికార్డు చూసే కాబట్టి రాష్ట్రానికీ ఇందులో లాభం ఉంది.

మూడవది, మూతపడ్డ కార్ఖానాల సంగతి. పేరులోనో తేదీలోనో తప్పుంటే కార్మికురాలూ యజమానీ కలిసి సంతకం పెట్టిన ఉమ్మడి దరఖాస్తు అడుగుతారు. యజమానే లేని చోట ఆ సంతకం ఎవరు పెట్టాలి? ఇలాంటివాళ్ల జాబితాను ఊరివారీగా ముందే తయారుచేసి శిబిరానికి పిలవాలి. వాళ్లంతట వాళ్లు వచ్చేదాకా చూస్తూ కూర్చుంటే, 58 ఏళ్లు నిండాక, దరఖాస్తు తిరస్కరించాక గాని తప్పు బయటపడదు.

నాలుగవది, ఆఫీసు పనితీరును లెక్కగట్టే పద్ధతి. ఏడాదికి ఎన్ని కోట్లు వసూలు చేశారు, ఎన్ని దరఖాస్తులు పరిష్కరించారు అన్నది ఒక్కటే చాలదు. తిరస్కరించినదీ పరిష్కారం కిందికే వస్తే ఆ లెక్కకు అర్థం లేదు. ఎన్ని దరఖాస్తులు తిరస్కరించారు, ఏ కారణంతో తిరస్కరించారు, అందులో ఎన్ని పేరు తేడా వల్ల అన్నది జిల్లావారీగా ప్రకటించాలి. అప్పుడు ఎక్కడ శిబిరం అవసరమో ఆ లెక్కే చెబుతుంది.

అధికారుల సంగతి అలా ఉంచి, వింటున్న అక్కలకు, అన్నలకు రెండు మూడు మాటలు. మీ పీఎఫ్ కార్డు, ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు మూడూ పక్కపక్కన పెట్టి, మీ ఇంట్లో చదువుకున్న పిల్లలతో చదివించండి. పేరు, పుట్టిన తేదీ మూడింటిలో ఒక్కలాగే ఉన్నాయా చూడండి. తేడా ఉంటే ఇప్పుడే, పనిలో ఉండగానే, కంపెనీ ఉండగానే సరిచేయించుకోండి. పింఛనుకు వయసొచ్చాక చూద్దాం అనుకోవద్దు. రెండు నంబర్లు ఉంటే కలపమని రాసివ్వండి. నామినీ పేరు రాయించండి. పింఛను తీసుకొనేవాళ్లు జీవన ప్రమాణ్ పత్రం ఏ నెలలోనైనా ఇవ్వవచ్చు. ఇచ్చిన రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. నవంబరులో బ్యాంకు ముందు వరుస కట్టాల్సిన పనిలేదు. పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసే ఏర్పాటు కూడా ఉంది. మీ కూలి నుంచి కోసి కంపెనీ జమ చేయలేదన్న అనుమానం ఉంటే ఊరుకోవద్దు. కార్మికుల దగ్గర కోసిన డబ్బు జమ చేయకపోవడం చట్టం దృష్టిలో నమ్మకద్రోహం, క్రిమినల్ నేరం. పీఎఫ్ సంస్థ టోల్‌ఫ్రీ నంబరు 14470. దానికి ఫోన్ చేసి చెప్పవచ్చు.

చివరగా ఒక్క మాట. ఈ సంస్థలో ఉన్న డబ్బు ప్రభుత్వం దయతో ఇచ్చింది కాదు. వెయ్యి బీడీల లెక్కన, పక్కకు తీసేసినవి పోగా మిగిలిన కూలి నుంచి కోసింది. కోసేటప్పుడు ఏ కార్ఖానాలోనూ ఎవరినీ పేరు తేడా ఉందని ఆపలేదు. ఏ పేరు రాసుంటే ఆ పేరు మీదే తీసుకున్నారు. తీసుకునేటప్పుడు లేని పట్టింపు తిరిగి ఇచ్చేటప్పుడు ఉంటే, ఆ తేడాను తీర్చే బాధ్యత తీసుకున్నవాళ్ల మీదే ఉంటుంది, ఇచ్చినామె మీద కాదు. వచ్చే 27వ తేదీ శిబిరానికి పోయేవాళ్లు మీ కాగితాలతో పాటు ఈ ప్రశ్న కూడా తీసుకుపోండి. ఈ శిబిరం బాన్సువాడకు ఎప్పుడొస్తుందని అడగండి. అడిగిన రోజు, అడిగినవాళ్ల పేర్లు రాయించండి.